గుమ్మం ముందు గులకరాళ్ళు

"మిక్కేస్ మావయ్య పేరు లేకుండా ఆ గోధుమలు గుడి గడప తొక్కవు," అంది అమ్మమ్మ మూడోసారి.

"మిక్కేస్ మావయ్య ఫ్లోరిడాలో పోయాడత్తయ్యా," అన్నాడు అల్లుడు సకెల్లారిస్, ఆయనా మూడోసారే. "కుర్చీ ఎక్కి బల్బు మారుస్తూ కిందపడి పోయాడు. మనకి ఉత్తరం కూడా వచ్చింది."

"అది వేరే మిక్కేస్."

"ఫొటో పంపాడు కదా, చేతిలో చేప పట్టుకుని!"

"పోయే ముందు పంపుంటాడు."

"ఆ తొమ్మిదిమందీ పోయి వందేళ్ళయిందంటున్నారు. మనకొచ్చింది కలర్ ఫొటో!"

"నీకెప్పుడూ మా వైపు వాళ్ళంటే చిన్నచూపే," అని అమ్మమ్మ మొహం తిప్పుకుంది.

పొయ్యి దగ్గర సకెల్లారిస్ భార్య అర్గిరో గరిటె పక్కన పెట్టి నుదురు తుడుచుకుంది. రేపు ఆదివారం గుడిలో, సముద్రంలో మునిగి పోయారనే తొమ్మిదిమందికి సంస్మరణ. పోయినవాళ్ళ పేర గోధుమలు ఉడికించి, దానిమ్మ గింజలు, బాదం కలిపి, పైన చక్కెర మందంగా పరిచి, ఆ చక్కెర మీద వెండి రంగు మిఠాయి గుళికలతో వాళ్ళ పేర్లలోని మొదటి అక్షరాలు దిద్దుతారు. ఆ కోలివా చేయడంలో ఊళ్ళో అర్గిరో చేతిని మించిన చెయ్యి లేదు.

"ముందు మీరిద్దరూ తేల్చుకోండి," అంది ఆమె. "తొమ్మిదిమంది అంటారు, ఒక్క పేరూ ఎవరూ సరిగ్గా చెప్పరు. ఏ అక్షరాలు దిద్దను నేను? పేరు లేని చావుకి కోలివా చేయడం నా జన్మలో ఇదే మొదలు."

"పేర్లకి కొదవేముందమ్మా," అంటూ పెద్దకూతురు థెమెలీనా వాకిట్లోంచి వచ్చింది. "బేకరీ ఫోతిని వాళ్ళ తాత ఉన్నాడట. పోస్టాఫీసు వాళ్ళ ముత్తాత ఉన్నాడట. ఇప్పటికి పద్నాలుగు కుటుంబాలు ముందు వరసలో కుర్చీలు అడిగాయి."

"పోయింది తొమ్మిదిమందైతే పద్నాలుగు కుటుంబాలేమిటే?"

"అదే నేనూ అడిగా. ఆ రోజుల్లో కుటుంబాలు పెద్దవి అంది ఫోతిని."

బల్ల చివర కూర్చుని చిన్నకూతురు సెవస్తి బాదం గింజల తొక్క తీస్తోంది. వేడినీళ్ళలో నానిన గింజని వేళ్ళ మధ్య నొక్కితే తెల్లగా, నగ్నంగా బయటికి జారుతుంది. ఒక్కో గింజ జారినప్పుడల్లా ఆమె తల ఇంకొంచెం కిందికి దిగుతోంది. చెవులు మండుతున్నాయి.

"అసలు మన గైడుగారు ఇక్కడే ఉండగా మనకెందుకీ గొడవ?" అంది అమ్మమ్మ. "ఏమే సెవస్తీ, రోజూ టూరిస్టులకి చెప్పేది నువ్వే కదా. ఆ తొమ్మిదిమందిలో మా మావయ్య ఉన్నాడా, లేడా?"

"నాకు తెలీదమ్మమ్మా."

అబద్ధం. ఆ సంగతి ఆమెకి తెలిసినంత బాగా ఆగ్రిలోస్ ద్వీపం మొత్తంలో ఎవరికీ తెలియదు. ఆ తొమ్మిదిమందీ పుట్టనేలేదు. వాళ్ళని పుట్టించిందీ, సముద్రం అడుగున చంపిందీ సెవస్తే. ఆరేళ్ళ కిందట, ఒక మంగళవారం, వాన పడుతుండగా.

*

ఆ మంగళవారం ఫెర్రీలో ఇరవైరెండుమంది దిగారు. గైడుగా సెవస్తికి అది రెండో వారం. మున్సిపాలిటీ వాళ్ళిచ్చిన కాగితంలో చూపించాల్సినవి అయిదు రాసి ఉన్నాయి: కోట, గాలిమర, ఓడరేవు గుడి, పాత బావి, స్పాంజి మ్యూజియం. మ్యూజియం తాళంచెవి ఉన్నాయన చెల్లెలి పెళ్ళికని పక్క ద్వీపానికి వెళ్ళాడు. చెవి ఆయన జేబులోనే ఉంది.

వాన జోరందుకుంది. దారిలో తాళం పెట్టిన ఒక పాత ఇంటి చూరు కింద అందరూ దూరారు. ఫెర్రీకి ఇంకా గంట టైముంది. ఒకాయన అప్పుడే ఆవలిస్తున్నాడు.

"ఈ ఇల్లెవరిది?" అని ఒక ముసలావిడ అడిగింది.

"కెప్టెన్ ద్రోసోస్‌ది," అంది సెవస్తి. అంతవరకూ నిజమే. గుమ్మం పైన రాతిమీద ఆ పేరు చెక్కి ఉంది.

"ఏమయ్యాడాయన?"

తెలియదు అని ఉంటే సరిపోయేది. కానీ ఇరవైరెండు మొహాలు తనవైపే చూస్తున్నాయి. ఇరవైరెండేళ్ళ పిల్ల, కొత్త ఉద్యోగం, నోరు ముందు పరిగెత్తింది. కెప్టెన్ ద్రోసోస్ సముద్రంలో పెరిగే స్పాంజి తెచ్చే పడవ నడిపేవాడంది. తొమ్మిదిమంది సముద్రం అడుగున స్పాంజి కోస్తుండగా దక్షిణపు గాలి లేచిందంది. కెప్టెన్ తన ప్రాణం కోసం వాళ్ళకి గాలి అందించే గొట్టాలు కోసేసి పారిపోయి వచ్చాడంది. తొమ్మిదిమంది విధవలూ రోజూ పొద్దున్నే వచ్చి ఈ గుమ్మం మీద తలా ఒక రాయి వేసి శపించేవారంది.

చెప్తూ చెప్తూ తనకే ఏడుపొచ్చింది. ముసలావిడ కళ్ళు తుడుచుకుని, వంగి ఒక గులకరాయి తీసి గుమ్మం మీదికి విసిరింది. తర్వాత ఆవలించినాయన విసిరాడు. తర్వాత అందరూ.

ఆ చప్పుడు విన్నప్పుడే ఆపాల్సింది. ఆపలేదు. ఎవరూ లేని ఇల్లు కదా అనుకుంది.

మరుసటి వారం వచ్చినవాళ్ళు కోట గురించి అడగలేదు. "రాళ్ళు వేసే ఇల్లెక్కడ?" అన్నారు. మూడో ఏడు మున్సిపాలిటీ బాణం గుర్తు వేసిన బోర్డు పెట్టింది. నాలుగో ఏడు బేకరీ ఫోతిని బాదం పిండితో గులకరాళ్ళలాంటి మిఠాయిలు చేసి అమ్మడం మొదలుపెట్టింది. ఆరో ఏటికి గుమ్మం ముందు రాళ్ళగుట్ట మోకాలి ఎత్తుకి లేచింది.

మూడు వారాల కిందట, పద్ధెనిమిదిమంది టూరిస్టులు రాళ్ళు ఎత్తి విసిరే సమయానికి ఆ తలుపు లోపల్నుంచి తెరుచుకుంది.

"అబ్బా!" అని మోకాలు పట్టుకున్నాడు ఒక యువకుడు. తల నిండా సున్నం దుమ్ము. చేతిలో తాపీ. "ఎవరండీ వేసింది? ఏం, పిచ్చెక్కిందా మీకు?"

"సారీ, సారీ," అంది రాయి వేసినావిడ. "ఇది శాపం తగిలిన ఇల్లట కదా. లోపల ఎవరో ఉన్నారనుకోలేదు."

"ఎవరి ఇల్లన్నారు?"

"కెప్టెన్ ద్రోసోస్ ఇల్లు."

"ద్రోసోస్‌ని నేనే," అన్నాడు అతను.

ఒకావిడ కెవ్వుమంది. ఇద్దరు వెనక్కి పరిగెత్తారు. సెవస్తి మాత్రం కదల్లేదు. కాళ్ళకింద నేల చీలితే బాగుండునని మాటవరసకి అనడమే ఆమె ఇన్నాళ్ళూ విన్నది. నిజంగా నేలవైపు ఆశగా చూడడం ఆ రోజే.

టూరిస్టుల్ని బేకరీవైపు పంపేసి ఆమె వెనక్కి వచ్చేసరికి అతను రాళ్ళగుట్ట ముందు గొంతుకూర్చుని ఉన్నాడు. ఈ రాళ్ళెందుకని అడిగితే, రోజూ చెప్పే కథే ఆమె నోట మళ్ళీ వచ్చేసింది.

"మా అమ్మ తాతగారి పేరే నాకు పెట్టారు," అన్నాడు తల ఎత్తకుండా. "మాది రోడ్స్ ద్వీపం. ఇక్కడి ఇళ్ళు కూతుళ్ళకే పోతాయి కదా. అమ్మకి ఆడపిల్లలు లేరు, అందుకే ఈ ఇల్లు నాకొచ్చింది. బాగుచేసుకుని ఇక్కడే ఉందామని వచ్చాను. అమ్మ ఎప్పుడూ ఆయన గురించి ఒక్క మాట కూడా మాట్లాడేది కాదు. ఎందుకో ఇప్పుడర్థమైంది."

"అది కాదు... బహుశా..."

"మీకెవరు చెప్పారీ సంగతి?"

ఆ క్షణంలో సెవస్తి నోట్లో నిజం ఉంది. నాలుక చివరే ఉంది. "పెద్దవాళ్ళు అంటుంటారు," అంది.

అతను వెళ్ళి పెద్దవాళ్ళని అడిగాడు.

అక్కడే వచ్చింది చిక్కంతా. ఆరేళ్ళుగా రోజుకి రెండుసార్లు వీధిలో వినపడే కథ అది. చెవుల్లోంచి లోపలికి దిగి, సొంత జ్ఞాపకాల పక్కన పక్క వేసుకుని పడుకుంది. కాఫీకొట్టు ముందు కూర్చునే ముసలాయన, తన చిన్నప్పుడు ఆ విధవల్ని స్వయంగా చూశానన్నాడు. ఫోతిని ద్రోసోస్ చెయ్యి పట్టుకుని వలవలా ఏడ్చింది. పోస్టాఫీసాయన పడవ రంగు కూడా చెప్పాడు. పచ్చరంగట.

ద్రోసోస్ అన్నీ నమ్మాడు. నమ్మి, తల దించుకున్నాడు. ఎవరింటికి వెళ్ళినా గుమ్మం బయటే నిలబడి మాట్లాడేవాడు. ఫోతిని ఇంటి కప్పు కారుతుంటే ఎక్కి బాగుచేశాడు. ముసలాయన గ్యాస్ సిలిండర్ మెట్లమీదుగా మోశాడు. మిక్కేస్ మావయ్య సంగతి విని అమ్మమ్మ గది ముందు విరిగిన మెట్టు కొత్తగా కట్టాడు. అమ్మమ్మ అతని తలమీద చెయ్యిపెట్టి "మీ ముత్తాత పాపం నీకంటదులే నాయనా" అని దీవించింది. సెవస్తి ఆ మాట కిటికీ వెనక నిలబడి విని, మధ్యాహ్నం అన్నం తినలేదు.

అన్నిటికంటే ఘోరం ఏమిటంటే, అతను సాయంత్రాలు వెతుక్కుంటూ సెవస్తి దగ్గరికే వచ్చేవాడు.

"ఎందుకు నన్నే?" అని ఒకరోజు అడిగింది.

"ఈ ఊళ్ళో నా మొహం మీద నిజం చెప్పింది మీరొక్కరే," అన్నాడు.

*

అతని పని గులకరాళ్ళతో వాకిళ్ళు పరవడం. నల్లవి, తెల్లవి రాళ్ళు ఏరి, సున్నంలో ఒక్కొక్కటీ అంచుమీద నిలబెట్టి, పూలూ పడవలూ సరువుచెట్లూ తీర్చే పని. గుట్టలోని రాళ్ళన్నీ బకెట్లలోకి ఎత్తి పెట్టుకున్నాడు. ఏం చేస్తావంటే ఇంకా తెలీదన్నాడు.

ఒక సాయంత్రం ఇద్దరూ వాకిట్లో కూర్చుని వాటిని రంగులవారీగా ఏరుతుండగా చినుకులు మొదలయ్యాయి.

"లోపలికి పద," అంది సెవస్తి. అప్పటికి 'మీరు' 'నువ్వు'లోకి దిగింది.

"ఉండు. ఎండలో ఇవన్నీ బూడిదరంగే. తడిస్తేనే రాయి అసలు రంగు బయటపడుతుంది. ఇటు చూడు, నువ్వు నల్లరాళ్ళలో పడేసింది ఆకుపచ్చది."

"నాకు నల్లగానే ఉంది."

"కళ్ళజోడు పెట్టుకో."

"పెట్టుకుంటే నీ తలమీద సున్నం కూడా కనిపిస్తుంది, బాగోదు."

"సున్నం కాదది. తెల్లవెంట్రుకలు. ఈ ఊరికొచ్చాక వచ్చాయి."

నవ్వుతూనే అన్నాడు. ఆమె నవ్వలేకపోయింది. చినుకు అతని కనురెప్పమీద నిలిచి, జారడానికి తొందరపడకుండా మెరిసింది. ఆమె చూసింది. చూస్తోందని అతను చూశాడు. ఇద్దరూ ఒకేసారి ఒకే రాయి అందుకుని, ఒకేసారి వదిలేశారు.

"ఫాదర్ లెఫ్తేరిస్‌తో మాట్లాడాను," అన్నాడు. "వచ్చే ఆదివారం ఆ తొమ్మిదిమందికీ సంస్మరణ చేయిస్తున్నా. అందరి ముందూ మా ఇంటి తరఫున క్షమాపణ అడుగుతాను. మీ అమ్మగారు కోలివా చేస్తానన్నారు."

"తర్వాత?"

"తర్వాత ఇల్లు అమ్మేసి సోమవారం ఫెర్రీకి వెళ్ళిపోతాను. ఈ పేరు పెట్టుకుని ఈ వీధిలో ఎలా బతకను, సెవస్తీ? పిల్లలు పుడితే వాళ్ళతో ఏం చెప్పను?" అని ఆగి, "ఉండాలని లేక కాదు," అన్నాడు రాళ్ళవైపు చూస్తూ.

చెప్తే తనని అసహ్యించుకుంటాడు. చెప్పకపోతే అతను తనని తనే అసహ్యించుకుంటూ వెళ్ళిపోతాడు. ఆ వారమంతా సెవస్తి ఆ రెంటి మధ్యా నలిగింది.

*

"సెవస్తీ, బాదం తెమలలేదా?" అంది అర్గిరో.

గిన్నెలో సగం గింజలు ఇంకా తొక్కతోనే ఉన్నాయి. సెవస్తి లేచి, తడిచేతులు గౌనుకే తుడుచుకుని బయటికి నడిచింది.

"ఎక్కడికే?" అని వెనకనుంచి కేకేసింది అమ్మమ్మ. "మావయ్య సంగతి తేల్చకుండా!"

"ఆ సంగతే తేల్చడానికి వెళ్తున్నా."

ద్రోసోస్ వాకిట్లో ఉతికిన నల్లచొక్కాని తాడుమీద ఆరేస్తున్నాడు. రేపటి కోసం.

"ఎవరూ చావలేదు," అంది గుమ్మం బయటే నిలబడి.

"ఏంటీ?"

"ఆ తొమ్మిదిమంది. ఎవరూ చావలేదు, ఎవరూ లేరు. మీ ముత్తాత ఎవరి గొట్టమూ కోయలేదు. ఆయన ఏం చేసేవాడో కూడా నాకు తెలీదు. ఆ రోజు వాన పడుతోంది, మ్యూజియం మూసుంది, నాకేం చెప్పాలో తోచలేదు. కథ నేనే అల్లాను."

అతను తాడు పట్టుకునే ఉన్నాడు.

"ఫోతినిగారు నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది."

"ఏడుపు నిజమే అయ్యుంటుంది. చావు మాత్రం లేదు."

"ఆ ముసలాయన కళ్ళారా చూశానన్నాడు."

"నా నోట విన్నాడు. ఆరేళ్ళు విన్నాడు."

ద్రోసోస్ మెల్లిగా తొట్టి అంచుమీద కూర్చున్నాడు. అరుస్తాడనుకుంది. అరిచినా బాగుండేది.

"మూడువారాలు ఈ వీధిలో తల దించుకుని నడిచాను," అన్నాడు. "నువ్వు పక్కనే నడిచావు."

ఆమె నిలబడే ఉంది. ఎండ నెత్తి మాడుస్తోంది.

"నన్ను క్షమించమని అడగడానికి రాలేదు," అంది చివరికి.

"మంచిది. ఎందుకంటే నాకిప్పుడు ఆ మాట రాదు." అతను లేచి చొక్కా మళ్ళీ సరిగ్గా ఆరేశాడు. "నాకు చెప్పావు, సరే. రాళ్ళు వేసినవాళ్ళకి ఎవరు చెప్తారు?"

*

ఆదివారం పూజ అయ్యాక ఊరంతా గుడి అరుగుమీద నిండింది. పద్నాలుగు కుటుంబాలూ ముందు వరసలో నల్లబట్టల్లో కూర్చున్నాయి. మధ్యలో బల్లమీద కోలివా. పేర్లు తేలక అర్గిరో చక్కెరమీద తొమ్మిది శిలువలు మాత్రం దిద్దింది.

ద్రోసోస్ వెనకవరసలో నిలబడ్డాడు. ముందుకి రాలేదు. సెవస్తి వచ్చింది.

చెప్పింది. మొదట గొంతు వినపడలేదు, ఫాదర్ లెఫ్తేరిస్ "గట్టిగా" అన్నాడు. గట్టిగా మళ్ళీ మొదటినుంచి చెప్పాల్సి వచ్చింది. రెండుసార్లు చెప్పడం అంటే రెండుసార్లు బట్టలిప్పి నిలబడ్డట్టే ఉంది.

అయిపోయాక ఫోతిని లేచింది.

"నీకేం తెలుసే?" అంది కోపంగా. "నువ్వు నిన్న కాక మొన్న పుట్టావు. మా తాత పోయిన సంగతి నాకంటే నీకెక్కువ తెలుసా?"

"మీ తాత గాడిద మీంచి పడి పోయాడు ఫోతినీ," అన్నాడు సకెల్లారిస్ వెనకనుంచి.

"పడింది వేరే తాత!"

"పడవ పచ్చరంగు," అన్నాడు పోస్టాఫీసాయన పట్టుదలగా.

అందరూ ఒకేసారి మాట్లాడ్డం మొదలుపెట్టారు. అబద్ధమాడినందుకు రాళ్ళు వేస్తారేమోనని సెవస్తి సిద్ధపడి వచ్చింది. నిజం చెప్పినందుకు తిడతారని ఊహించలేదు. తన అబద్ధం ఊరి ఎముకల్లోకి ఎంత లోతుగా దిగిందో చూసి ఆమెకి నిన్నటికంటే ఎక్కువ సిగ్గేసింది.

ఫాదర్ లెఫ్తేరిస్ లోపలికెళ్ళి అట్ట ఊడిన పెద్ద పుస్తకం పట్టుకొచ్చాడు. ఊళ్ళో ఎవరు పోయినా రాసే పుస్తకం.

"మీరు ముందే చూడలేదా ఫాదర్?" అని అడిగాడు ద్రోసోస్. ఆ రోజు అతని నోట వచ్చిన మొదటిమాట.

"నన్నెవరూ అడగలేదు నాయనా. ఊరంతా ఏడుస్తుంటే లెక్కలు తీయడం మర్యాద కాదనుకున్నా." వేలితో వరసలు వెతికి చదివాడు. "ద్రోసోస్. పడవ యజమాని. పక్క ద్వీపాల నుంచి పుచ్చకాయలు తెచ్చి అమ్మేవాడు. వయసు ఎనభై ఒకటి. మంచంమీదే పోయాడు. ముందురోజు సాయంత్రం పుచ్చకాయ తిన్నాడు. ఎవరితోనూ తగువు లేదు."

"పుచ్చకాయలా?" అంది అమ్మమ్మ.

"మా అమ్మ ఏమీ చెప్పకపోవడానికి కారణం ఇదా?" అన్నాడు ద్రోసోస్. "చెప్పడానికేమీ లేకా?"

అర్గిరో చెంచా తీసుకుని బల్ల దగ్గరికెళ్ళి, చక్కెరమీది తొమ్మిది శిలువల్నీ ఒక్కొక్కటే తీసేసింది. చదును చేసి, ఆ గుళికలతోనే మధ్యలో ఒక్క అక్షరం దిద్దింది, ద్రోసోస్ పేరులో మొదటిది. ఆరేళ్ళు రాళ్ళు తిన్నాయనకి ఊరు ఒక పిడికెడు తీపి పెట్టడం న్యాయమే అనుకున్నారు అందరూ. ఫోతిని కూడా రెండు గుప్పిళ్ళు తీసుకుంది.

*

ద్రోసోస్ సోమవారం ఫెర్రీ ఎక్కలేదు. సెవస్తితో మాట్లాడనూ లేదు.

మున్సిపాలిటీకి రెండుసార్లు తిరిగి బోర్డు తీయించింది సెవస్తి. కానీ కథ అప్పటికే సముద్రం దాటింది, వచ్చినవాళ్ళు ఇంకా రాళ్ళిల్లే అడుగుతున్నారు. అందుకని ప్రతిసారీ అక్కడ ఆగి చెప్పేది: "ఇది కెప్టెన్ ద్రోసోస్ ఇల్లు. ఆయన పుచ్చకాయలు తెచ్చేవాడు. ఈ గుమ్మం దగ్గర ఆరేళ్ళు నేను అబద్ధం చెప్పాను." ఆ చివరివాక్యం ఎన్నిసార్లన్నా అరగలేదు. మూసిన తలుపు వెనక అతను వింటున్నాడని ఆమెకి తెలుసు. తాపీ చప్పుడు ఆగిపోయేది.

సాయంత్రాలు వెళ్ళి గుమ్మం బయట కూర్చుని రాళ్ళు కడిగి బకెట్లలో పెట్టి వచ్చేది. ఎవరూ రమ్మనలేదు. ఎవరూ పొమ్మనలేదు.

పదకొండోరోజు ఒక టూరిస్టు అలవాటు కొద్దీ రాయి ఎత్తాడు. తలుపు తెరుచుకుంది.

"వెయ్యండి, వెయ్యండి," అన్నాడు ద్రోసోస్. "గుమ్మం మీద కాదు, బుట్టల్లో. తెల్లవి ఎడమవైపు, నల్లవి కుడివైపు. మా గైడుకి ఆకుపచ్చ కనపడదు, అవి నాకివ్వండి."

మా గైడు. సెవస్తి ఆ రోజు గాలిమర చూపించడం మరిచిపోయింది.

సాయంత్రం లోపలికొచ్చి ఒక రాయి సున్నంలో పెట్టింది. "పడుకుంది," అన్నాడతను. "నిలబెట్టు." నిలబెట్టింది. "ఇప్పుడు వంగింది." సరిచేసింది. "ఇప్పుడు..."

"ఇప్పుడు నీ నెత్తిన వేస్తా."

అతను నవ్వాడు. ఎన్నాళ్ళకి విందో ఆ నవ్వు. ఆమె తల తిప్పేసుకుంది, కళ్ళలో నీళ్ళు కనపడకుండా.

"కోపం పోయిందా?" అంది గోడకేసి చూస్తూ.

"మొత్తం పోలేదు. మంగళవారాలు వస్తుంది." తాపీతో సున్నం సవరించాడు. "తప్పు చేసినవాళ్ళని చాలామందిని చూశాను. రోజుకి రెండుసార్లు వీధిలో నిలబడి ఒప్పుకునేవాళ్ళని చూడలేదు. గుమ్మం ముందు ఏం తీర్చాలో తోచట్లేదు. పడవా, సరువుచెట్టా?"

"పుచ్చకాయ ముక్క," అంది సెవస్తి. "ఆకుపచ్చ రాళ్ళున్నాయిగా అంచుకి."

అతను ఆమెని అలా చూస్తూ ఉండిపోయాడు. "మా ముత్తాతకి నువ్వు నచ్చేదానివి," అన్నాడు.

"ముత్తాత సంగతి సరే."

"మునిమనవడికి ఎప్పుడో నచ్చావు. అందుకే అంత నొప్పెట్టింది."

*

ఆగస్టు పదిహేను, దేవమాత పండగ. ఇంట్లో అందరూ ఒకే బల్ల దగ్గర చేరారు. ద్రోసోస్ కూడా, ఇస్త్రీ చేసిన తెల్లచొక్కాలో. పెళ్ళి నిశ్చయమైన సంగతి అందరికీ తెలుసు. తెగని సంగతి ఇల్లు. ఆ ద్వీపంలో ఆడపిల్లకి పుట్టింటివాళ్ళే ఇల్లిస్తారు, అల్లుడే వచ్చి అందులో చేరతాడు.

"పైన రెండు గదులు వేద్దాం," అంది అమ్మమ్మ. "పెద్దదానికి ఈ ఇల్లిచ్చాం. చిన్నది మేడమీద ఉంటుంది. అల్లుడు అక్కడికొస్తాడు."

"నా కప్పు మీదా?" అంది థెమెలీనా. "ఇప్పటికే కారుతోంది."

"కారితే అల్లుడు బాగుచేస్తాడు. ఫోతిని ఇంటిది చేయలేదూ?"

"ఆడపిల్లకి ఇల్లు చూపించకుండా పెళ్ళి చేస్తే ఊళ్ళో నవ్వరూ?" అన్నాడు సకెల్లారిస్.

"నా వంటిల్లు ముక్కలు చేయనివ్వను," అంది అర్గిరో.

సెవస్తి రొట్టెముక్క పక్కన పెట్టింది. గొంతు పెంచలేదు.

"గదులేం వేయొద్దు నాన్నా. పెళ్ళయ్యాక నేనే ద్రోసోస్ ఇంటికి వెళ్తున్నా."

అమ్మమ్మ మనవరాలి మొహంలోకీ, కుర్రాడి మొహంలోకీ చూసింది.

"ఆడపిల్ల వెళ్ళి మగాడింట్లో కాపురం చేయడమా?" అంది. "ఎక్కడైనా ఉందటే? జనం ఏమంటారు?"

"ఏమన్నా అననీ అమ్మమ్మా," అంది సెవస్తి. "ఆ గుమ్మం మీద రాళ్ళేయించింది నేను. రోజూ దాన్ని కడగాల్సిందీ నేనే."